ఆవిడ క్యాంపులో ఉంది

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆడపిల్లలు నలుగురు ఈ మధ్య మా ఇంటికి వచ్చారు. టీలు తాగాక, "మేడమ్, మీ సర్వీసులో మర్చిపోలేని సంగతి ఒకటి చెప్పండి" అన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా ఏఎన్ఎమ్‌గా చేసినదాన్ని కదా, ఏదో కష్టమైన కాన్పు గురించి చెబుతాననుకున్నట్టున్నారు. నాకు మాత్రం ముందుగా ఒక మాట గుర్తొచ్చింది. క్యాంపు. నా సర్వీసు మొత్తంలో నాకొచ్చిన ఒకే ఒక్క మెమో ఈ మాట వల్ల వచ్చిందే. ఇదే ఉద్యోగంలో ఉన్న మీరూ పొద్దున్న లేస్తే ఈ మాట లేకుండా పని చెయ్యలేరు కాబట్టి, ఆ రోజు వాళ్ళకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ఇంగ్లీషులో దాని అసలు అర్థం గుడారాలు వేసుకుని ఉండటమట. నేను ఇన్నేళ్ళలో ఒక్క గుడారం చూస్తే ఒట్టు. చూసిందల్లా షామియానాలే. మన దగ్గరికి వచ్చాక ఆ మాట ఎవరి చేతిలో పడితే వారి పని చేసిపెట్టింది. ఆఫీసుకెళ్ళి సారున్నారా అని అడిగితే క్యాంపులో ఉన్నారంటారు. అంటే సీట్లో లేరని, ఎక్కడున్నారో అడగొద్దని. నేను చేరిన కొత్తలో పల్లెల్లో క్యాంపంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్. భుజాన సంచీతో ఊళ్ళో అడుగుపెట్టి రేపు క్యాంపు అంటే చాలు, మగవాళ్ళందరూ జీడితోటల్లోకి మాయమైపోయేవారు. ఆడవాళ్ళు గుమ్మంలో నిలబడి, నవ్వు దాచుకుంటూ, "మా ఆయన క్యాంపుకెల్నాడు నర్సమ్మా" అనేవారు. ఆఫీసర్ల భాష వాళ్ళకు అప్పటికే వచ్చేసింది. తర్వాత కళ్ళ క్యాంపులు మొదలయ్యాక ఆ భయం పోయింది. ముసలివాళ్ళు దారికాసి మరీ, క్యాంపెప్పుడని అడిగేవారు.

ఇవి కాక రాజకీయాల్లో వాళ్ళ క్యాంపు ఒకటుంది. పదవిలో ఉన్న మనిషిని దించాలంటే చేతులెత్తే సభ్యులు కావాలి. ఓటు రోజుదాకా వాళ్ళు అవతలివాళ్ళకు చిక్కకుండా బండెక్కించి, ఏ కొండమీదో ఏ సముద్రం ఒడ్డునో లాడ్జిలో పెట్టి మేపుతారు. ఫోన్లు లాక్కుంటారు. అలా వెళ్ళొచ్చినవాళ్ళకు బీపీ చూసే భాగ్యం నాకు రెండుమూడుసార్లు కలిగింది. అంతకన్నా చెప్పను.

ఇక అసలు సంగతి. నేను రిటైరవడానికి మూడేళ్ళ ముందు, శృంగవరపుకోట దాటాక కొండల వైపున్న ఒక మండలంలో పని చేస్తున్నాను. మండల పరిషత్తులో పదిహేనుమంది సభ్యులు. అధ్యక్షుడి మీద అవిశ్వాసం పెట్టారు. పెట్టింది ఎదుటి పార్టీ కాదు, సొంత పార్టీలోనే రెండో వర్గం. ఆ వర్గానికి పెద్ద ఒక రోడ్ల కాంట్రాక్టరు, ఆయనా ఒక సభ్యుడే. అధ్యక్షుడు దిగాలంటే పది చేతులు లేవాలి. కాంట్రాక్టరు దగ్గర ఆయనతో కలిపి సరిగ్గా పదిమందే ఉన్నారు. ఆ పదో మనిషి నా పేషెంటు.

ఆమెను నేను అత్తా అనేదాన్ని. డెబ్బైకి దగ్గర్లో ఉండేది. నాలుగెకరాల రైతు మనిషి, వరి, నువ్వులు వేసేవారు. ఆ సీటు ఆడవాళ్ళకు రావడంతో కొడుకు ఆమెను నిలబెట్టాడు. గెలిచాక కుర్చీ ఆమెది, మాట కొడుకుది. రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయి, మనుషుల్ని గొంతు బట్టి గుర్తుపట్టేది. మీటింగుల్లో కొడుకు ఆమె వేలు పట్టుకుని ఎక్కడ ఆనిస్తే అక్కడ సంతకం పెట్టేది. అవిశ్వాసం కాయితం మీదా అలాగే పెట్టింది.

అంతకుముందు మూడు కళ్ళ క్యాంపులకు ఆమె పేరు రాశాను. మొదటిసారి బీపీ ఎక్కువుందని వెనక్కి పంపేశారు. రెండోసారి ఊడ్పులని కొడుకు పంపలేదు. మూడోసారి మండలం మీటింగు అడ్డొచ్చింది. అప్పుడు నా చెయ్యి పట్టుకుని, "నాను పోనాక ఒస్తాదేటి నర్సమ్మా నీ క్యాంపు?" అంది. ఈసారి తప్పకుండా తీసుకెళ్తానని మాటిచ్చాను.

నాలుగో క్యాంపు మంగళవారం పడింది. పద్ధతి ఇది: పొద్దున్న మా ఆసుపత్రిలో కళ్ళు చూస్తారు, ఆపరేషన్ కావలసినవాళ్ళను మధ్యాహ్నం బస్సులో విజయనగరంలోని కంటి ఆసుపత్రికి తీసుకెళ్తారు, బుధవారం ఆపరేషన్, గురువారం కట్టు విప్పి ఇంటికి. అవిశ్వాసం మీటింగు శుక్రవారం. అది నాకు తెలుసు. కానీ మీటింగుకు ముందు జరిగే తతంగం నా బుర్రకు తట్టలేదు.

సోమవారం కూర్చుని అందరికీ వరసగా ఫోన్లు చేశాను. నా తప్పు ఇక్కడే ఉంది, గుర్తుపెట్టుకోండి. మొదట నాలుగైదు ఇళ్ళకు నేను ఫలానా నర్సమ్మనని చెప్పాను. తర్వాత నోరు నొప్పెట్టి ఆ ముక్క మానేశాను. అత్త ఇంటికి చేసేసరికి కొడుకు ఎత్తాడు. రేపు పొద్దున్న ఎనిమిదింటికి క్యాంపు బండి వస్తుంది, అమ్మను తయారుగా ఉంచండి, రెండు జతల బట్టలు, ఆధార్ కార్డు పెట్టండి, మూడు రోజులు ఉండాలి, తిండీ మంచం అన్నీ వాళ్ళే చూసుకుంటారు అన్నాను.

"ఎంతమంది ఎల్తన్నారమ్మా?" అన్నాడు.

"పదిమంది."

"సంతకాలు ఎట్టినోళ్ళందరూ ఒస్తన్నారా?"

"సంతకం పెట్టకపోతే వాళ్ళు తీసుకోరు కదా బాబూ" అన్నాను. నేను చెప్పింది ఆపరేషన్‌కు ఒప్పుకుంటున్నట్టు పెట్టే సంతకం గురించి.

"మరి ఫోన్ ఇచ్చి పంపొచ్చా?"

"లోపలికి ఫోన్లు పనికిరావు."

"అదే మంచిది" అని పెట్టేశాడు. ఎంత బుద్ధిమంతుడు, అన్నీ వివరంగా అడిగాడు అనుకున్నాను. కాంట్రాక్టరు భార్య ఆడ సభ్యులందరికీ ఫోన్లు చేస్తోందని, ఆమే చేసిందని అతను అనుకున్నాడని నాకేం తెలుసు.

మర్నాడు ఎనిమిదింటికి మేం అద్దెకు పెట్టిన తెల్ల వ్యాను ఆ ఊరు వెళ్ళింది. అదే మొదటి ఊరు కాబట్టి బండి ఖాళీగా ఉంది. డ్రైవరు క్యాంపు బండి అన్నాడు. కొడుకు తల్లిని దగ్గరుండి ఎక్కించి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, సంచీ ఒళ్ళో పెట్టి పంపించాడు. తొమ్మిదింటికి ఇంకో తెల్ల వ్యాను వచ్చింది. అది కాంట్రాక్టరుది.

ఇక మీరే ఊహించుకోండి. ఎనిమిదింటి బండి అధ్యక్షుడిదే అయ్యుంటుందని కాంట్రాక్టరు తేల్చేశాడు. మా మనిషిని ఎత్తుకుపోయారని అధ్యక్షుడి ఇంటిమీదికి వెళ్ళారు. అధ్యక్షుడికి ఏమీ తెలియదు. కానీ తెలియదంటే చిన్నతనంగా ఉంటుందని కాబోలు, తన చేతిలోనే ఉందన్నట్టు మీసం మీద చెయ్యేసి ఊరుకున్నాడట. దాంతో పోలీసుస్టేషన్‌లో ఫిర్యాదు పడింది.

ఇవేవీ నాకు తెలియవు. మా ఆసుపత్రిలో అత్తను చూసి సంతోషపడ్డాను. బీపీ కూడా ఆ రోజు దారిలో ఉంది. మధ్యాహ్నం పదిమందినీ బస్సెక్కించుకుని, తోడుగా నేనే విజయనగరం వెళ్ళాను. దారి పొడవునా ఆమె ఏదో తలుచుకుని నవ్వుకుంటూనే ఉంది.

సాయంత్రం అందరికీ మంచాలు ఇచ్చాక మా సూపర్‌వైజరుగారు ఫోన్ చేశారు. మంచి మనిషే, కానీ రాజకీయమంటే దడ. మండలం ఆఫీసు ముందునుంచి వెళ్ళాల్సొస్తే వెనక వీధిలోంచి వెళ్ళేవారు. మండలం అట్టుడికిపోతోందని, ఒక సభ్యురాలిని ఎవరో ఎత్తుకుపోయారని, కొడుకు ఇల్లిల్లూ తిరుగుతున్నాడని, దారిలో ఎక్కడైనా దింపేసుంటారేమో, ముసలిదానికి చూపు లేదు కదా అని పొలాల్లో బావులు కూడా చూసొచ్చాడని చెప్పారు. "ఇంతకీ నువ్వెక్కడున్నావు?" అన్నారు.

"క్యాంపులో ఉన్నాను సార్" అన్నాను.

ఆయన గొంతు పడిపోయింది. "నువ్వు కూడానా?" అన్నారు.

అప్పుడు వెలిగింది నాకు. పేరు చెప్పకుండా నేను చేసిన ఫోన్, అతను అడిగిన ప్రశ్నలు, అన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఉన్నది ఉన్నట్టు ఆయనకు చెప్పేశాను. ఆయన లేచి తలుపు వేసిన చప్పుడు వినబడింది. తర్వాత, తనకు నేనేమీ చెప్పలేదని, తను ఏమీ వినలేదని, రేపటినుంచి రెండు రోజులు తను కూడా క్యాంపులో ఉన్నట్టు రిజిస్టర్లో రాసుకుంటున్నానని చెప్పి ఫోన్ పెట్టేశారు. శుక్రవారం దాకా ఆయన ఎవరికీ కనబడలేదు.

నేను అత్త మంచం దగ్గరకు వెళ్ళాను. ఒళ్ళు మండిపోతోంది. "నిన్న ఫోన్ చేసింది నేనని నీకు తెల్దా అత్తా?" అన్నాను.

"తెలకేటి. మా వోడు ఫోను గట్టిగా ఎట్టుకుని మాటాడతాడు. నీ గొంతు నాకు తెల్దేటి?"

"మరి వాడికి చెప్పలేదేం?"

ఆమె సంచీ సర్దుకుంటూ నెమ్మదిగా చెప్పింది. "ఎనిమిదింటికి నీ బండి, ఎనకాల ఆళ్ళ బండి ఎలాగూ ఒస్తాది. ఆ క్యాంపులో కోడికూర ఎడతారు. ఈ క్యాంపులో కన్నెడతారు. సెప్తే మా వోడు నన్ను కోడికూరకి పంపీసును." సంచీ మూతి బిగించి, "ఏ కాయితం మీద సంతకం ఎట్టీసినానో నాకే తెల్దు నర్సమ్మా. అదేటో సూసుకోవాలా ఒద్దా?" అంది.

నాకు కోపం ఎటు పోయిందో తెలియదు. కానీ బావుల సంగతి మాత్రం మనసులో ముల్లులా గుచ్చుతోంది. ఆమె మాట ఎప్పుడూ వినిపించుకోకపోయినా, తల్లి కోసం బావులు తొంగిచూసిన మనిషి ఆ కొడుకు. అతనికి చెప్పాలి. చెబితే అరగంటలో రెండు వర్గాలూ ఇక్కడుంటాయి, ఆపరేషన్ నాలుగోసారి కూడా పోతుంది. చెప్పకపోతే పోలీసు కేసు, నా ఉద్యోగం. పెన్షన్‌కు మూడేళ్ళు. ఆ వార్డు వరండాలో అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగానో.

చివరికి నా ఫోన్ నుంచే కొడుక్కి చేసి, ఆమె చేతికిచ్చాను. ఆ సమయానికి ఎస్సై కూడా వాళ్ళింట్లోనే ఉన్నాడు.

"నాను బాగున్నానురా. క్యాంపులో ఉన్నాను. బువ్వ ఎట్టినారు, మంచమిచ్చినారు" అంది. ఏ క్యాంపని అతను అరుస్తుంటే నాకూ వినబడింది. "గేదికి కుడితి ఎట్టినావా?" అంది ఆమె.

ఎస్సై ఫోన్ తీసుకున్నాడు. ఎవరైనా బలవంతంగా తీసుకెళ్ళారా అని అడిగాడు.

"నేదు బావూ. నా ఇష్టం మీదే వొచ్చినాను. మా వోడే దగ్గరుండి బండెక్కించినాడు."

అటువైపు ఎస్సై, "నువ్వే ఎక్కించావటగా?" అని కొడుకును అడగడం వినబడింది. నిజమే కదా. ఆమె ఇష్టంగానే క్యాంపులో ఉందని రాసుకుని ఎస్సై వెళ్ళిపోయాడు. ఏ క్యాంపో ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. ఆ తర్వాత ఎవరెవరో ఫోన్లు చేశారు. ఎవరు చేసినా ఒకటే జవాబిచ్చాను: ఆవిడ క్యాంపులో ఉంది, మాట్లాడటం కుదరదు. అందులో అక్షరం అబద్ధం లేదు. ఎవరికి కావలసిన క్యాంపు వాళ్ళు అనుకున్నారు.

బుధవారం పొద్దున్న కుడికంటికి ఆపరేషన్ అయింది. మిగతా పేషెంట్ల ఇళ్ళనుంచి సంగతి బయటికి పొక్కి, మధ్యాహ్నానికి అందరూ వచ్చేశారు. వస్తూనే కొడుకు తల్లి కాళ్ళ దగ్గర కూలబడిపోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. మంచానికి ఒకవైపు కాంట్రాక్టరు మనుషులు యాపిల్ పళ్ళతో, ఇంకోవైపు అధ్యక్షుడి మనుషులు బత్తాయిలతో నిలబడ్డారు. కుడికంటికి కట్టు, ఎడంకంటికి పొర. ఆమె రెండు వైపులా చేతులు చాచి, పళ్ళు తీసుకుని, "ఎవలు ఎటున్నారో తెల్డం నేదు, ఏటనుకోకండి" అంది. కంటి డాక్టరుగారు వచ్చి అందరినీ బయటికి పంపేశారు.

గురువారం కట్టు విప్పారు. ఆమె రెప్పలు ఆర్పుకుంటూ కాసేపు తన చేతులు చూసుకుంది. గోడ చూసింది. నా మొహంకేసి చాలాసేపు చూసి, "నువ్వింత ముసిల్దానివైపోనావేటి నర్సమ్మా" అంది. సర్వీసులో చాలా మెచ్చుకోళ్ళు విన్నాను. అలాంటిది మాత్రం మళ్ళీ వినలేదు. డాక్టరుగారు జాగ్రత్తలు చెప్పారు: వంగకూడదు, తలకు నీళ్ళు పోసుకోకూడదు, బరువులు ఎత్తకూడదు, రెండు గంటలకోసారి చుక్కలు వెయ్యాలి.

ఆ చుక్కల పుణ్యమా అని శుక్రవారం నేను కూడా మండలం ఆఫీసుకు వెళ్ళాను. హాల్లోకి రానివ్వలేదు కానీ కిటికీ పక్కన వరండాలో నిలబడనిచ్చారు. పక్కన కొడుకు. కాంట్రాక్టరూ ఎనిమిదిమంది సభ్యులూ క్యాంపునుంచి నేరుగా వచ్చారు, మొహాలు నూనె పట్టించినట్టు నిగనిగలాడుతున్నాయి. నల్లద్దాలు పెట్టుకుని అత్త వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. ఆర్డీవోగారు మొదలుపెట్టబోతుంటే లేచి నిలబడింది.

"నాను సంతకం ఎట్టిన కాయితం ఓపాలి సూపించండి బావూ."

ఆర్డీవోగారు చూపించారు. దగ్గరిచూపు అద్దాలు నెల తర్వాత గానీ ఇవ్వరు కాబట్టి, ఆమె కాయితాన్ని చెయ్యి చాచినంత దూరం పెట్టుకుంది. సంతకం మీద వేలు పెట్టి, "ఇది నాదే. మిగతాది మీరు సదవండి" అంది. ఆయన ఓపికగా చదివారు. అధ్యక్షుడి మీద రాసిన తప్పుల్లో మొదటిది, ఫలానా ఊరికి రోడ్డు వెయ్యలేదని. ఆ ఊరు ఆమెదే.

"మా ఊరి రోడ్డు పని ఎవలు పుచ్చుకున్నారు?" అంది.

రెండేళ్ళ కిందట ఆ పని తీసుకుని, గుట్టలుగా కంకర పోసి వదిలేసింది కాంట్రాక్టరే. ఆయన తల వంచుకుని ఏదో కాయితం వెతుక్కున్నాడు. ఆమె కూర్చుంది.

అవిశ్వాసానికి అనుకూలంగా ఉన్నవాళ్ళు చేతులెత్తమన్నారు. తొమ్మిది లేచాయి. అందరి కళ్ళూ ఆమె మీదే. చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. కిటికీలోంచి కొడుకు సైగలు చేస్తున్నాడు. ఇప్పుడవి ఆమెకు బాగానే కనబడుతున్నాయి. ఆర్డీవోగారు, మీరేమంటారమ్మా అని అడిగారు.

"బరువులు ఎత్తొద్దన్నాడు బావూ డాక్టరు" అంది.

ఆయన రుమాలు తీసి మొహం తుడుచుకున్నారు. నవ్వు తుడుచుకున్నారని నా అనుమానం. తీర్మానం వీగిపోయింది. బయటికొచ్చాక అధ్యక్షుడు దండ పట్టుకుని ఎదురొచ్చాడు. దండ తనకొద్దంది. ఆ కంకర అక్కడ పోసుండగా రెండేళ్ళూ నువ్వేటి సూసేవని అడిగింది. ఆయన మీసం మీద చెయ్యి ఈసారి నిలవలేదు.

నాకు నెల తిరక్కుండా పై ఆఫీసు నుంచి మెమో వచ్చింది. అవిశ్వాసం సమయంలో ఒక ప్రజాప్రతినిధిని మూడు రోజులు క్యాంపులో ఉంచారని ఫిర్యాదు అందింది, సంజాయిషీ ఇవ్వండని. నిజమే, ఉంచాను, ఆమెతోపాటు ఇంకో తొమ్మిదిమందిని కూడా ఉంచాను, ఇప్పుడు అందరికీ కళ్ళు కనబడుతున్నాయి అని రాసి, పది డిశ్చార్జి కాయితాలు జతచేశాను. ఆ ఫైలు మూయడానికి ఏడాదికి పైగా పట్టింది. ఎప్పుడు వెళ్ళి అడిగినా, మూయాల్సిన సారు క్యాంపులో ఉన్నారనేవారు.

నేను చేసిందంతా ఒప్పేనని మీకు చెప్పను. ఫోన్ చేస్తే ముందు మీ పేరు చెప్పండి. ఒక కొడుకు నా వల్ల బావులు తొంగిచూశాడు, అది ఇప్పటికీ గుర్తొస్తే బాగుండదు. కానీ ఆ రాత్రికి నిజం చెప్పి, ఆమెను మళ్ళీ ఆ వ్యాను ఎక్కించి ఉంటే?

ఆరునెలలకు ఐదో క్యాంపు వచ్చింది. ఈసారి నేను ఫోన్లు చెయ్యక్కర్లేకపోయింది. రెండు వర్గాలూ పోటీపడి బళ్ళు పెట్టి ముసలివాళ్ళను తెచ్చి దించారు. కూర్చోవడానికి కుర్చీలు చాలలేదు. అత్త ఎడంకన్ను ఇంకా మిగిలే ఉంది కదా, ఆమె పేరు పైన రాసుకుని నేనే వాళ్ళ ఊరు వెళ్ళాను. కంకర గుట్టలు సగం పరిచి ఉన్నాయి. గుమ్మంలో కూర్చుని నువ్వులు బాగుచేసుకుంటోంది. రేపు క్యాంపు, వస్తావా అత్తా అన్నాను.

చేటలోంచి ఒక రాయి ఏరి, కొత్త అద్దాల్లోంచి చూసి, పారేసింది.

"ఇప్పుడొద్దు నర్సమ్మా. మళ్ళీ అవిశ్వాసం ఎడతారంట. ఈ కన్ను దానికి ఉంచినాను."